వంతెన అవతల క్యూ

వెనక తలుపు ఎవరో తట్టారు. బుల్లి గరిటె పొయ్యి గట్టు మీద పెట్టేసి గబగబా వెళ్ళబోయింది.

"వాడేనేమో," అంది అత్తగారు, దేవుడి పటం ముందు నుంచి లేవకుండానే.

"ఆయనైతే వ్యాను చప్పుడు వినపడదా అత్తయ్యా?"

తలుపు తీస్తే అన్నయ్య. టోపీ కళ్ళ దాకా లాక్కుని, ఎవరింటికో దొంగతనానికి వచ్చినట్టు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. శాసనసభలో ఆ ఓటు పడ్డాక ఈ గడప తొక్కడం ఇదే మొదలు.

"లోపలికి రావచ్చా బుల్లీ?"

"ఇల్లు నాది. షాపు ఆయనది. ఇంటివైపు నుంచి వచ్చావు కాబట్టి రా."

"ముందు వైపే వెళ్ళాను. షట్టరు సగం దించి ఉంది. దాని మీద ఆ అట్ట..."

"చదివావా?"

"చదివాను."

"చదవాలనే రాశారు."

ఆ అట్టముక్క ఊళ్ళో అందరూ చదివారు. సిగరెట్ల మీద పన్నూ, అన్ని సరుకుల మీదా అమ్మకం పన్నూ కలిపి పెంచిన బిల్లుకు చెయ్యెత్తిన వాళ్ళలో తన బావమరిది కూడా ఉన్నాడని తెలిసిన రోజున బుల్లి భర్త సబ్బుల పెట్టె చింపి, లావు అక్షరాలతో రాసి షట్టరుకు కట్టాడు. 'ఈ షాపులో శాసనసభ్యులకు సరుకు అమ్మబడదు. బంధువులైనా సరే.'

"కారేది?" అంది బుల్లి.

"డ్రైవర్ని ఓ పని మీద పంపాను. నడిచొచ్చాను."

"నడిచొచ్చావా. అయితే నిజంగానే ఏదో కొంప మునిగి ఉంటుంది. కూర్చో. టీ పెడతాను. చక్కెర రెండు చెంచాలు వెయ్యనా, నువ్వు పెంచిన పన్నుకు ఒకటి చాలా?"

"వెయ్యకపోయినా ఫరవాలేదు."

"వేస్తాలే. అమ్మ ఉంటే నాలుగు వేసేది."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. సభలో మైకు ముందు గంటలకొద్దీ మాట్లాడే మనిషి, చెల్లెలి వంటింట్లో మాట కోసం వెతుక్కుంటున్నాడు.

"బావ ఉన్నాడా?"

బుల్లి స్టవ్ మంట తగ్గించింది. మళ్ళీ పెంచింది.

"నేను ఈ మాట చెప్పకూడదు," అన్నాడు అతను. "అయినా చెప్పి పోదామని వచ్చాను. వంతెన దగ్గర ఇవాళ పొద్దున్నుంచి తనిఖీ పెట్టారు. అవతల రాష్ట్రంలో పన్ను తక్కువ కదా, అక్కడి నుంచి వ్యాన్లలో సిగరెట్ పెట్టెలు తెచ్చి ఇక్కడ అమ్ముతున్నారు. ఇక మీదట ఎవరైనా దొరికితే సరుకు పట్టుకోవడంతో ఆగరు. షాపు లైసెన్సే తీసేస్తారు. బావ అట్లాంటి మనిషి కాదని నాకు తెలుసు. అయినా ఓ మాట చెవిన వేద్దామని."

టీ పొంగి స్టవ్ మీద పడింది. బుల్లి గిన్నె దించలేదు.

"బుల్లీ, టీ."

అత్తగారు లేచి వచ్చి తన చీర కొంగుతో గిన్నె పట్టుకుని దించింది. దించి, అక్కడే నిలబడి, నెమ్మదిగా అంది.

"మావాడు అటే వెళ్ళాడు బాబూ. తెల్లవారగానే. వ్యాను వేసుకుని."

షాపు వైపు గదిలో ఫ్రిజ్ మోత ఒక్కటే వినపడుతోంది.

"ఫోన్ చెయ్యి," అన్నాడు అన్నయ్య.

"ఆయన ఫోను గల్లాపెట్టె మీదే ఉంది. మర్చిపోలేదు. నేను వెనక్కి రమ్మంటానని కావాలనే వదిలేసి వెళ్ళారు. రాత్రంతా చెప్పాను, వద్దు, వద్దు అని. 'ఒక్కసారే, ఈ ఒక్కసారికే' అన్నారు. ఆయన చేత ఆ మాట అనిపించింది ఎవరనుకుంటున్నావు?"

"నేనా?"

"నువ్వు కాక నేనా చెయ్యెత్తింది?"

"ఊరికే ఎత్తామా బుల్లీ? జనం సిగరెట్లు మానాలని. ఆసుపత్రులకు వెళ్ళి చూడు, వరండాల్లో కూడా దగ్గులే."

"సరే. సిగరెట్లు మానాలి. మరి ఉప్పు మీద వేశారే? ఉప్పు కూడా మానాలా? సబ్బు మానాలా? నీ మేనకోడలు బడికి బూట్లు వేసుకోవడం మానాలా?"

"అది వేరు. అమ్మకం పన్ను ప్రభుత్వానికి లోటు ఉండబట్టి వేసింది. సిగరెట్ పన్ను కూడా కొంత అందుకే అనుకో."

అత్తగారు టీ మూడు గ్లాసుల్లోకి వంచుతోంది. చెయ్యి ఆపి అడిగింది.

"నాకు తెలియక అడుగుతాను బాబూ. అందరూ సిగరెట్లు మానాలనే కదా పన్ను వేశారు. అందరూ మానేస్తే మరి మీ లోటు ఎట్లా తీరుతుంది?"

అన్నయ్య గ్లాసు అందుకున్నాడు.

"మీరు సభకు రావలసింది అత్తయ్యగారూ."

"నేనెందుకు బాబూ, అంత దూరం కూర్చోలేను." ఆవిడ నిజంగానే ఆలోచించి చెప్పింది. "ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మీ పన్ను పని చేస్తోంది. మన మాస్టారు మానేశారు. టైలరు మానేశాడు. మంగలి అయితే పెళ్ళాం మీద ఒట్టేసి చెప్పాడు. వచ్చిన వాళ్ళంతా 'మానేశానమ్మా' అంటుంటే రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను. మా ఆయన పోయింది ఆ దగ్గుతోనే కదా. ఆ పొగ అమ్మిన డబ్బుతోనే ఇన్నాళ్ళూ దీపం పెడుతున్నాను. నా దీపం ఆ దేవుడికి నచ్చుతోందో లేదోనని ఎన్నిసార్లు అనుకున్నానో."

"చూశావా బుల్లీ," అన్నాడు అన్నయ్య. మొహంలోకి కాస్త వెలుగు వచ్చింది. "నేను కూడా మానేశాను. బిల్లుకు ఎత్తిన చేత్తోనే సాయంత్రం అగ్గిపుల్ల గియ్యడం బాగుండదు కదా."

బుల్లికి ఆ మాటలేవీ తలకెక్కడం లేదు. అవతలి నుంచి వచ్చేటప్పుడు వంతెన మలుపు తిరగ్గానే తనిఖీవాళ్ళు ఎదురుగా ఉంటారు, తప్పించుకోవడానికి పక్కదారి కూడా లేదు. వ్యాను వెనక తలుపు గొళ్ళెం సరిగ్గా పడదు. ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. అడగకముందే చెవులు ఎర్రబడతాయి.

"అన్నయ్యా, నువ్వు ఎవరికైనా ఫోన్ చెయ్యగలవా? అక్కడున్న వాళ్ళకి?"

అన్నయ్య ఫోను అప్పటికే చేతిలోకి తీసుకున్నాడు. "ఒక్క మాట చెబితే వదిలేస్తారు."

"వద్దు," అంది అత్తగారు.

"మీరుండండి అత్తయ్యా. అక్కడ చిక్కేది మీ కొడుకే," అంది బుల్లి.

"నా కొడుకు కాబట్టే అంటున్నాను. వాడు తప్పు చేసి ఉంటే దొరకనీ. చెయ్యకపోతే దేవుడే చూసుకుంటాడు."

"దేవుడు లైసెన్సు ఇవ్వడు అత్తయ్యా."

ఆ మాట నోరు జారింది. అత్తగారు గ్లాసు కింద పెట్టి, పటం వైపు తిరిగి కూర్చుంది. ఆవిడ వీపు చూస్తుంటే బుల్లికి ఏడుపొచ్చింది. కోడలిగా ఇన్నేళ్ళలో ఇద్దరి మధ్యా అంత మాట ఎప్పుడూ రాలేదు.

అన్నయ్య నంబరు వెతుకుతున్నాడు. దొరికినట్టుంది. బొటనవేలు ఆగింది.

బుల్లి కళ్ళ ముందు షట్టరు మీది అట్టముక్క మెదిలింది. బంధువులైనా సరే. ఆ మాట రాసేటప్పుడు ఆయన చాలాసార్లు ఆగాడు. ఆ వంకర అక్షరాల్లో అది ఇంకా కనపడుతుంది.

ఆమె వెళ్ళి అన్నయ్య చేతిలోంచి ఫోను తీసుకుని బల్ల మీద బోర్లా పెట్టింది.

"నీ దయతో బయటపడ్డానని తెలిస్తే షాపు మిగులుతుందేమో గానీ మనిషి మిగలడు. వద్దులే."

అత్తగారు వెనక్కి తిరగలేదు. కానీ పక్కన ఉన్న పీట కొంచెం జరిపింది. బుల్లి వెళ్ళి దాని మీద కూర్చుంది. ఆవిడ చెయ్యి వచ్చి ఈమె మోకాలి మీద వాలింది.

అప్పుడు వినపడింది వ్యాను.

వీధి మొదట్లో ఒక గుంట ఉంది. ఖాళీ వ్యాను దాని మీదుగా వస్తే వెనక రేకులన్నీ గలగల్లాడతాయి. సరుకుతో వస్తే చప్పుడు చెయ్యకుండా మెత్తగా కూలబడి లేస్తుంది. బుల్లి పొయ్యి దగ్గర నుంచే ఆ తేడా చెప్పేస్తుంది. ఎన్నోసార్లు ఆ చప్పుడును బట్టే ఆయనకు అన్నం పెట్టాలో, సరుకు దించడానికి చెయ్యి వెయ్యాలో తేల్చుకునేది.

వ్యాను గుంటలో మెత్తగా కూలబడింది. మెత్తగా లేచింది.

"నిండుగా ఉంది," అంది బుల్లి.

అన్నయ్య లేచి నిలబడ్డాడు. ఒక శాసనసభ్యుడు ఇప్పుడు చూసీ చూడనట్టు ఉండాలా, చూసి తీరాలా అన్నది అతని మొహంలో స్పష్టంగా కనపడింది.

"నువ్వు ఇక్కడే ఉండు," అని అతన్ని వంటింట్లోనే ఆపి, షాపుకూ ఇంటికీ మధ్య తలుపు దగ్గరగా వేసి, షట్టరు కింద నుంచి వంగి బయటికి వచ్చింది.

ఆయన దిగాడు. ఆమె వైపు చూడకుండా వ్యాను వెనక్కి వెళ్ళాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఏం తెచ్చారు?"

"చూద్దువుగాని."

గొళ్ళెం తీశాడు. లోపలి నుంచి ముందు ఒక చేతికర్ర బయటికి వచ్చింది. దాని వెనక మాస్టారు. ఆయన వెనక టైలరు. టైలరు భుజం పట్టుకుని మంగలి. ఇంకా లోపల ఎవరో ఉన్నారు. అందరూ తలలు దించుకుని, బడి ఎగ్గొట్టి దొరికిపోయిన పిల్లల్లా వరసగా దిగుతున్నారు.

"పెట్టెలేవి?" అంది బుల్లి.

"పెట్టెలు లేవు. వీళ్ళే."

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా తేలేదు. దేవుడి మీద ఒట్టు. కావాలంటే ఎక్కి చూడు."

ఆమె నిజంగానే ఎక్కి చూసింది. మూలల్లో పాత గోనెసంచులు, ఒక తాడు, మాస్టారు మర్చిపోయిన కళ్ళజోడు కవరు, మొహం మీద రుమాలు కప్పుకుని నిద్రపోతున్న మనిషి ఒకడు. అంతే. వ్యానులోనే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

షాపులో స్టూలు మీద కూర్చుని, రెండు గ్లాసుల నీళ్ళు తాగాక ఆయన చెప్పాడు. అత్తగారు తలుపు తీసుకుని వచ్చి గల్లాపెట్టె పక్కన నిలబడి వింటోంది.

"వంతెన దాటగానే ఉందే ఆ కొత్త షాపు, దాని ముందు చాంతాడంత క్యూ. ఎవరా అని చూస్తే మన మాస్టారు. ఏమండీ, మానేశానన్నారు కదా అన్నాను. మొహం అటు తిప్పుకున్నారు. ఆయన ముందు టైలరు. టైలరు ముందు పెళ్ళాం మీద ఒట్టేసిన పెద్దమనిషి."

"ఒట్టు అప్పటికి నిజమే అన్నా," అన్నాడు మంగలి గుమ్మం బయట నుంచి. "ఆ పూటకి నిజంగానే మానేశా."

"నా దణ్ణాలన్నీ ఏమయ్యాయిరా?" అంది అత్తగారు. కోపంగా కాదు, లెక్క తెలుసుకుందామని అడిగినట్టు.

"దేవుడి దగ్గర జమ ఉంటాయమ్మా. ఎప్పుడో ఒకప్పుడు వాడుకుంటాం."

"నేను కూడా వాళ్ళ వెనకే నిలబడ్డాను," అన్నాడు ఆయన. "పెట్టెలు వెనక గదిలో సిద్ధంగా ఉన్నాయని కబురు పెట్టాడు కదా ఆ షాపువాడు. క్యూ కదులుతోంది. వీళ్ళు ఒక్కొక్కరూ గల్లా దగ్గరికి వెళ్తున్నారు. వాడు ఏం చేస్తున్నాడో తెలుసా బుల్లీ? వీళ్ళు నోరు తెరవకముందే ఎవరి రకం వాళ్ళ ముందు పెడుతున్నాడు. మాస్టారికి ఎర్రది. టైలరుకి పొట్టిది. అడగనే లేదు. మా నాన్న నాకు నేర్పిన పని అది. మనిషి మలుపు తిరుగుతుండగానే చెయ్యి ఆ అరలోకి వెళ్ళాలని. వాడు అప్పుడే నేర్చేసుకున్నాడు, మనవాళ్ళ మీద."

మాస్టారు కర్రతో నేల మీద గీతలు గీస్తున్నారు.

"నా వంతు వచ్చింది. 'మీదేది?' అన్నాడు. నేను ఏ రకమూ కాదు. నా జన్మలో తాగలేదు. పెట్టెల కోసం వచ్చానని చెప్పాలి కదా, నోరు పెగల్లేదు. 'నేను తాగనండీ' అని వచ్చేశాను. వెనక్కి చూస్తే వీళ్ళు ఒకరి వెనక ఒకరు వస్తున్నారు. బస్సు లేదు, మాస్టారికి మోకాళ్ళు. వ్యాను తలుపు తీశాను."

"వంతెన దగ్గర ఆపలేదా?"

"ఆపకేం. తలుపు తీయించారు. సరుకేదన్నారు. ఇదే సరుకన్నాను. సొంతానికి తెచ్చుకున్న ఒకటి రెండు ప్యాకెట్లకు ఎవరూ ఏమీ అనరట. మా దగ్గర ఎంతసేపు వెతికినా అంతకు మించి లేదు. ఆ ఇన్‌స్పెక్టరు, 'ఇంతమంది కోసం ఇంత పెద్ద తనిఖీ పెట్టామా' అని తనలో తను నవ్వుకున్నాడు."

అత్తగారు రెండు చేతులూ జోడించింది. పెదవులు కదిలాయి. ఈసారి దణ్ణం ఎవరు మానినందుకో బుల్లికి అడగాలనిపించలేదు. లోపలికి వెళ్ళి అన్నం కలుపుకొచ్చి మొదటి ముద్ద ఆయన నోట్లో పెట్టి, రెండోది తను తిన్నది. ఇంట్లో గాలి ఆడుతున్నట్టుంది.

అప్పుడు మధ్య తలుపు కిర్రుమంది. అన్నయ్య గుమ్మంలో నిలబడ్డాడు, టోపీ చేతిలో.

అంతా ఒక్క క్షణంలో జరిగింది. ఆయన తలెత్తాడు. మనిషిని చూశాడు. చెయ్యి దానంతట అది వెనక్కి, పై అరలోకి వెళ్ళింది. నీలం ప్యాకెట్టు తెచ్చి గల్లా మీద పెట్టింది. పెట్టాక గానీ ఆయనకు తను ఏం చేశాడో తెలియలేదు.

ఇద్దరూ ఆ ప్యాకెట్టు వైపు చూస్తూ ఉండిపోయారు.

"మెంబరుగారు ఎప్పుడు దయచేశారు?" అన్నాడు ఆయన, చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

"బావా," అన్నాడు అన్నయ్య.

"మెంబరుగారికి ఇక్కడ సరుకు అమ్మం. అట్ట చూసే ఉంటారు."

"తనిఖీ సంగతి చెప్పడానికి వచ్చాడండీ," అంది బుల్లి. "ఫోన్ చేసి విడిపిస్తానన్నాడు. నేనే వద్దన్నాను."

ఆయన భార్య వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ చూపులో ఎన్నాళ్ళ నుంచో బిగుసుకుని ఉన్నదేదో సడలింది.

"నాకు ఆ ప్యాకెట్టు అక్కర్లేదు," అన్నాడు అన్నయ్య. "నేను మానేశాను బావా."

బయట వ్యాను రేకు మళ్ళీ చప్పుడైంది. అందరికన్నా లోపల నిద్రపోయిన మనిషి అప్పుడు లేచి దిగాడు. శుభ్రమైన తెల్ల చొక్కా. చేతిలో చిన్న సంచి. షట్టరు కింద నుంచి వంగి లోపలికి వచ్చి, అన్నయ్యను చూసి మొహం విప్పార్చుకున్నాడు.

"మీరిక్కడే ఉన్నారా సార్. ఇంటికి వెళ్ళే పని తప్పింది. కారు నంబరు చూస్తే మీదని తెలిసిపోతుందని బస్సులో వెళ్ళా. దొరికాయి సార్, మీ నీలంవే. రెండు."

అన్నయ్య డ్రైవరు.

మంగలి ముందు దగ్గాడు. ఆ దగ్గు నవ్వుగా మారింది. టైలరుకు అంటుకుంది. మాస్టారు కర్ర మీద వంగిపోయి, శబ్దం రాకుండా భుజాలు ఊగేలా నవ్వుతున్నారు. బుల్లి భర్త ఆపుకుందామని చూసి, ఓడిపోయి, గల్లాపెట్టె పట్టుకుని నవ్వాడు. డ్రైవరుకు ఒక్కడికే ఏం జరిగిందో అర్థం కాలేదు.

అత్తగారు మాత్రం నవ్వలేదు. "మానేశానన్నావు కదా బాబూ," అంది మెత్తగా.

"మానేద్దామనే అనుకున్నానండీ."

"వాళ్ళూ అదే అన్నారు."

అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఆ రంగు బుల్లికి తెలుసు. ఈ ఇంట్లో ఒక మనిషికి అదే రంగు వస్తుంది. అబద్ధం రాని వాళ్ళకే వస్తుందని ఇన్నాళ్ళూ అనుకుంది. అబద్ధం వచ్చీ, అది నిలబడని వాళ్ళకు కూడా వస్తుందేమో.

అతను ముందుకు వచ్చి గల్లా ముందు నిలబడ్డాడు. మామూలు మనిషి నిలబడినట్టు.

"ఇది ఇవ్వు బావా. అవతలివి నాకొద్దు. ఎంత?"

ఆయన అట్టముక్క వైపు చూశాడు. లేచి వెళ్ళి దాన్ని షట్టరు నుంచి విప్పి తెచ్చాడు. కింద 'బంధువులైనా సరే' అని ఉన్న ముక్క అడ్డంగా చింపి జేబులో పెట్టుకున్నాడు. మిగిలింది గల్లా కిందకి తోశాడు.

తర్వాత ధర చెప్పాడు.

అన్నయ్య పర్సు సగం తెరిచి ఆగిపోయాడు. "అంతా?"

"నీకు తెలియదా?"

"ఇంత అని... డ్రైవరు తెస్తాడు కదా. నేను ఎప్పుడూ..."

"ఇందులో నాకు వచ్చేది ఎప్పుడూ వచ్చేదే బావా. మిగతాదంతా నువ్వు చెయ్యెత్తింది." ఆయన గొంతులో కోపం లేదు. అరలోంచి ఒక ఉప్పు ప్యాకెట్టు, ఒక సబ్బు తీసి నీలం ప్యాకెట్టు పక్కనే పెట్టాడు. "వీటి ధరలు కూడా చెప్పనా?"

అన్నయ్య వాటిని చూశాడు.

"సోమవారం మళ్ళీ ఓటు ఉంది," అన్నాడు చివరికి, ఎవరికీ కాకుండా. "సిగరెట్లది కాదు. రోజువారీ సరుకుల మీద వేసింది ఉంచాలా తీసెయ్యాలా అని. పార్టీ ఉంచమంటోంది."

షట్టరు బయట నవ్వులు ఆగిపోయాయి. మాస్టారు కర్ర పైకెత్తి, ఇప్పటికీ బళ్ళో ఉన్నట్టు, తీరిగ్గా అడిగారు.

"మరి మీరేమంటున్నారు నాయనా?"

గల్లా వెనక నుంచి వచ్చి బుల్లి భర్త షట్టరు పూర్తిగా పైకి లేపాడు. పొద్దుటి నుంచి చీకటిగా ఉన్న షాపులోకి ఎండ ఒక్కసారిగా వచ్చింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

బుల్లి అన్నయ్య కుడిచేతి వైపు చూసింది. అది ఉప్పు ప్యాకెట్టు మీద ఉంది. తీసుకోనూ లేదు, వదలనూ లేదు.